జాలిలో రాతిపొడి

నంద్యాల నూనెపల్లెలో కమలాక్షమ్మ మేడ ఒకప్పుడు లాడ్జి. గదులన్నీ కలిపి ఇళ్లుగా మార్చినప్పుడు స్నానాల గదులు మాత్రం లాడ్జివే మిగిలిపోయాయి. చెంబెత్తి నీళ్లు పోసుకుంటే మోచెయ్యి గోడకు తగిలే గదుల్లో బట్టలెక్కడ ఉతుక్కుంటారు? అందుకని కమలాక్షమ్మ, మూతపడిన హాస్టలొకటి సామాన్లు అమ్ముకుంటుంటే రెండు వాషింగ్ మిషన్లు తెచ్చి మేడపైన రేకుల కింద పెట్టించింది. ఒకటి వచ్చిన కొన్నాళ్లకే పడకేసింది. మిగిలిన దానికి ఇంటికో రోజు వంతు.

బుధవారం భానుప్రియ వంతు. పొద్దున్నే భర్తకు క్యారియర్ కట్టి పంపించి, ఒక చేత్తో బట్టల బకెట్టు, ఇంకో చేత్తో వంటసోడా డబ్బా, పిండేసిన నిమ్మచెక్కలు, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని పైకెక్కేది. బట్టలు వేసేది తర్వాత, ముందు మిషన్ కడగాలి. మూత ఎత్తితే చాలు, మగ్గిన తడిగుడ్డ వాసన గుప్పుమనేది. సర్ఫు పోసే అరలో నల్లటి బూజు. టబ్బు అంచున ఎవరిదో తలవెంట్రుకల ఉండ. ఎవరి జేబులోనో ఉండిపోయి గుజ్జయిన బస్సు టికెట్టు. "కడిగి పోదామన్న ఇంగితం ఒక్కరికీ ల్యా," అని గొణుక్కుంటూ బ్రష్షుతో గీకేది. అదంతా అయినాక, టబ్బు లోపలి గోడకు తగిలించిన వల సంచిని ఊడదీసేది. మేడలో అందరూ దాన్ని జాలి అంటారు.

జాలిలో పడేది బట్టల మురికి కాదు. తొడుక్కున్న మనిషి మనసు ఎక్కడ తిరుగుతుంటే అక్కడి మన్ను అందులో పడేది. ఆ మిషన్ వచ్చినప్పటి నుంచీ అంతే. ఎద్దులు అమ్ముకుని సంజామల నుంచి కూతురింటికి వచ్చేసిన ఎలీషా పంచెలు ఉతికితే నల్లరేగడి మన్ను ముద్దలుగా దొరికేది. అహోబిలం గుడి మడపల్లిలో ప్రసాదాలు వండి వండి మానేసిన కృష్ణస్వామి వంతు రోజున మిరియపు గింజలు, తులసాకులు. కొత్తగా పెళ్లయి మూడో అంతస్తుకు వచ్చిన జంట బట్టల్లోంచి మహానంది అరటితోటల ఆకుపీలికలు. దీని గురించి మేడలో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడుకున్నా, కడగకుండా పోయినవాళ్లను తిట్టడానికే. ఎందుకంటే కడగకపోతే అది తర్వాతివాళ్ల బట్టలకు అంటుకునేది. ఒకసారి ఎలీషా తర్వాత జాలి చూసుకోకుండా బట్టలు వేసి కమలాక్షమ్మ వారమంతా శనగచేనికి పురుగు పట్టిందేమోనని దిగులుపడింది. ఆమెకు చేనే లేదు.

ఈ మధ్య భానుప్రియ బట్టలు తీసినాక జాలిలో రాతిపొడి మరీ ఎక్కువగా పడుతోంది. బూడిదరంగు, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారేంత సన్నం. పెళ్లయి వచ్చిన కొత్తలో చిటికెడు. తర్వాత గుప్పెడు. ఆమె సోడా వేసి, వేడినీళ్లు పోసి, ఉత్త మిషన్ ఒక చుట్టు తిప్పేది. ఎంత కడిగినా టబ్బు అడుగున ఎక్కడో ఇంత మిగిలేది.

ఒక శుక్రవారం పక్కింటి అనిత మెట్ల దగ్గర ఆపింది. అనిత నర్సు, ఎలీషా కూతురు. బుధవారం తర్వాతి వంతు వాళ్లదే.

"అక్కా, మా నాయన పొద్దున్నుంచి కంచం మీద స్పూనుతో ఒకటే కొట్టుడు. టక్కు టక్కు టక్కు. ఏందీ నాయనా అంటే, ఏమో పాపా, చెయ్యి ఊరకుండల్యా అంటాండాడు. నేనూ అంతే. ఆస్పత్రిలో సూది ఉలి పట్టుకున్నట్ల పట్టుకుంటి. పేషెంటు దడుసుకున్యాడు."

"నాదేలే అనితా. నా బుద్ధే మంచిది కాదు," అంది భానుప్రియ, మెట్ల కడ్డీ మీద పేరుకున్న దుమ్ము కొంగుతో తుడుస్తూ. ఆ కడ్డీ తుడవడం ఆమె పని కాదు. కానీ చేతులు ఊరికే ఉండవు.

పెళ్లయి నంద్యాలకు వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఇదే పాటు. కూర్చుంటే లేవబుద్ధయ్యేది, లేస్తే ఎక్కడికైనా పోబుద్ధయ్యేది, పోతే ఇంటికి రాబుద్ధయ్యేది. వంటింట్లో డబ్బాలు ఈ పక్కవి ఆ పక్కకు మార్చేది. కొన్నాళ్లు జాకెట్లు కుట్టింది, కుట్టుమిషన్ అమ్మేసింది. కొన్నాళ్లు జెరాక్స్ షాపులో కూర్చుంది, కూర్చోలేక మానేసింది. పిల్లలకు ట్యూషన్లు మొదలుపెట్టి, వాళ్లకంటే ముందు తనే బయటికి చూస్తూ ఉండేది. ఏ పనికీ పనికిరాని మనిషినని ఆమె తన మీద తానే ఒక తీర్పు ఇచ్చుకుని చాలా కాలమైంది.

భర్త నృసింహాచారి దీనికి పూర్తిగా వేరు. ఆళ్లగడ్డ శిల్పుల ఇంటివాడు. పెళ్లికి ముందు అన్న విరూపాక్షాచారి దగ్గర ఉలి పట్టినవాడే, పెళ్లి నుంచి మాత్రం నంద్యాలలో టైల్స్ షాపులో సేల్స్‌మన్. పొద్దున వేసుకుపోయిన తెల్లచొక్కా సాయంత్రం అంతే తెల్లగా తీసుకొచ్చేవాడు. ముఖం కడుక్కుని, పెట్టింది తిని, టీవీలో వచ్చింది చూసి పడుకునేవాడు. ఒక్కనాడు గొంతు పెంచింది లేదు. "మా ఆమెకు నిలకడ ల్యా," అని నవ్వేవాడు, అంతే. ఇంత నెమ్మదస్తుడికి ఇట్లాంటి పెళ్లామేందని మేడలో అందరూ అనుకునేవాళ్లు. భానుప్రియ కూడా అనుకునేది.

ఆ ఆదివారం మిషన్ గట్టిగా మూలిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి వెనకవైపు విప్పాడు. పంపులోంచి తడి సిమెంటులాంటి ముద్ద తీసి గచ్చు మీద వేశాడు.

"ఇది బట్టల మిషనా, గ్రానైటు కోసే మిషనా?" అన్నాడు.

మేడవాళ్లంతా చుట్టూ చేరారు. కమలాక్షమ్మ ఆ ముద్ద చూసి భానుప్రియ వైపు తిరిగింది.

"రాతిపొడంటే ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డంటే మీ ఇల్లు. నేను చెప్పాల్నా? అందరం ఏదో ఒకటి వదుల్తాం, కాదనను. ఎలీషా మన్ను వదుల్తాడు, తూముకు కొట్టుకపోతాది. ఇది పోయే రకం గాదు. ఇంగోసారి మిషన్ ఆగిందంటే మీరు వేరే ఇల్లు చూసుకోండి. కోపం చేసుకోవద్దు."

"నాదే పెద్దమ్మా. ఆయనకేం సంబంధం ల్యా," అంది భానుప్రియ. పెళ్లిచూపుల తర్వాత ఒకసారి ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆమె ఆ రాతి షెడ్లు చూసింది. మనసు తనకు తెలియకుండా అక్కడికే పోతోందేమో, ఎక్కడికి పోదు గనుక తన మనసు! సిగ్గుతో ఆమె ముఖం కందిపోయింది. పక్కన నృసింహాచారి గచ్చు మీది ముద్దనే చూస్తున్నాడు. కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని ఉన్నాడు.

మెకానిక్ మిషన్ బాగుచేసిపోయాడు. ఇంటికొచ్చి భానుప్రియ బీరువా తెరిచి తన బట్టలన్నీ సంచుల్లో కుక్కింది. తువ్వాలు కూడా మిగల్చలేదు.

"కొన్నాళ్లు కోయిలకుంట్లలో మా అమ్మ కాడ ఉంటా. నా బట్టలు ఈడ లేకుంటేనన్నా మిషన్ బతుకుతాది."

"పోయిరామ్మే. మార్పు ఉంటే మంచిదే," అన్నాడు నృసింహాచారి నెమ్మదిగా. బస్టాండు దాకా వచ్చి సంచులు బస్సులో పెట్టాడు.

కోయిలకుంట్లలో ఆమె తల్లి వెంకటమ్మ, కంసాలి వీధిలో ఒక్కతే ఉంటుంది. కూతురి సంచులు విప్పి, "ఈ బట్టలేందే ఇంత బరువుండాయి?" అని అన్నిటినీ కుంకుడు రసంలో నానేసి, బండమీద బాది బాది ఆరేసింది. నీళ్లు బూడిదరంగులో పోయాయి.

నాలుగు రోజులు గడిచినాక ఒక మధ్యాహ్నం భానుప్రియ అరుగు మీద కూర్చుని పచ్చిశనక్కాయలు ఒలుస్తోంది. ఒలుస్తూ ఒలుస్తూ తల ఎత్తితే ఎండ అరుగు దాటి వీధిలోకి పోయి ఎదురింటి గోడెక్కింది. చేట నిండిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అంతసేపు కూర్చుని ఉన్నానా అని ఆమెకే నమ్మకం కలగలేదు. లేచి ఎక్కడికైనా పోవాలని ఉందా అని తనలో తాను వెతుక్కుంది. ఎక్కడికీ పోవాలని లేదు.

"అమ్మా, నేను కూసోనుండా," అంది ఆశ్చర్యంగా.

"కూసోక? పెండ్లికి ముందు ఎట్లుంటివి? మీ నాయన కొలిమి పక్కన కూసుంటే ఇల్లు కాలినా లేసే పిల్లవా నువ్వు? మధ్యలో ఏందో చేరె నీకు."

అప్పుడే అనిత ఫోన్ చేసింది.

"అక్కా, బుధవారం మీ ఆయన మిషన్ ఏసినాడు. ఉత్త ఆయన చొక్కాలే. నువ్వు ల్యావు, నీ బట్టలు ల్యావు. జాలి చినిగిపోయిందక్కా."

"పొడి పడిందా?"

"పొడి గాదు. రాయి. ఉత్త రాయి గూడా గాదు. ఆడదాని కాలివేలు. మెట్టెతో సహా చెక్కినట్లుండాది. కమలాక్షమ్మ దాన్ని పిట్టగోడ మీద పెట్టింది. నువ్వొచ్చినాక మాట్లాడతా అంటాంది."

ఫోన్ పెట్టేసి భానుప్రియ చేటలో గింజలు వేళ్లతో కలపసాగింది. ఉతికిన ప్రతిసారీ తన చీరలు, అతని చొక్కాలు ఒకే నీళ్లలో తిరిగాయి. అతని చొక్కాలోంచి దిగింది తన చీరకెక్కింది. ఆ చీర కట్టుకుని ఆమె ఇన్నేండ్లు మెట్లెక్కి దిగింది.

"అమ్మా, ఆయన ఉలి ఎందుకు మానుకున్యాడు?"

వెంకటమ్మ చేట లాక్కుని పొట్టు చెరగడం మొదలుపెట్టింది. "ఉద్యోగమొచ్చింది, మానుకున్యాడు."

"అమ్మా."

పొట్టు గాలికి వీధిలోకి ఎగిరింది. వెంకటమ్మ చెరగడం ఆపింది.

"నేనే అడిగినా. మీ మామను చూసినావా నువ్వు? చూడల్యా. పెండ్లికి ముందే పాయె. ఆ దుమ్ము రొమ్ములో గడ్డకట్టి, దగ్గి దగ్గి, చివరికి దీపం ఊదేదానికి గూడా ఊపిరి ల్యాకపాయె. చూసినోళ్లు చెప్పిరి. పిల్లనిస్తా గాని జన్మలో ఉలి ముట్టనని నాకు మాటియ్యి నాయనా అన్యా. ఇచ్చినాడు. వాళ్లన్న కోపం చేసుకుని, పోతే పో, మళ్లా రావద్దన్యాడు. నీ తాళి కోసరం అడిగినా. తప్పా?"

"తప్పు గాదు."

"మాట నిలబెట్టుకున్యాడా ల్యా?"

"నిలబెట్టుకున్యాడు. ఉలి ముట్టల్యా," అంది భానుప్రియ. "నేనేమో నా బుద్ధే వంకర అనుకుంటి. ఇన్నేండ్లు."

ఆ సాయంత్రమంతా తల్లీకూతుళ్లలో ఒకరు వంటింట్లో ఉంటే ఒకరు వాకిట్లో ఉన్నారు. భానుప్రియకు మామ దగ్గు వినపడుతున్నట్టే ఉంది, ఎన్నడూ వినకపోయినా. పోనీ, ఇట్లాగే ఉంటే? బతికున్నాడు, నెమ్మదిగా ఉన్నాడు. తన చీరలు వేరుగా ఉతుక్కుంటే సరిపోతుంది. అప్పుడది ఎవరికెక్కుతుంది? ఎలీషాకా, అనితకా? లేక ఎక్కడికీ పోలేక అతనిలోనే గడ్డకడుతుందా? రొమ్ములో గడ్డకట్టేది దుమ్మొక్కటేనా?

పొద్దున బస్సుకు బయలుదేరుతుంటే అడిగింది. "మాట తీసుకునింది నువ్వు. విడిచిపెట్టేదీ నువ్వే."

వెంకటమ్మ లోపలికి పోయింది. పర్రుమని గుడ్డ చింపిన చప్పుడైంది. తన పాత నూలుచీర, ఉతికి ఉతికి మెత్తబడిందాన్ని, పీలికలుగా చింపి తెచ్చి కూతురి సంచిలో కుక్కింది.

"నాలుగు మడతలేసి, తడిపి, ముక్కుకు కట్టమను. ఒక్క పూట కట్టకున్యా నేనే వొచ్చి ఉలి గుంజుకపోతా. పో."

నంద్యాలకు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. భానుప్రియ సంచులు మెట్ల దగ్గరే వదిలి నేరుగా మేడపైకెక్కింది. కాలివేలు పిట్టగోడ మీద, ఎవరో ఆరబెట్టిన ఒడియాల పక్కన ఉంది. తడి ఆరి నల్లగా నిగనిగలాడుతోంది. గోరు, గోరు పక్కన చర్మం మడత, మెట్టె చుట్టు. ఆమె దాన్ని కొంగులో చుట్టి తెచ్చుకుంది.

సాయంత్రం నృసింహాచారి షాపు నుంచి వచ్చాడు. భార్యను చూసి ముఖం విప్పారింది. "ఎప్పుడొస్తివి?" అన్నాడు. ఆమె రాతివేలు తీసి అతని చేతిలో పెట్టింది.

అతను దాన్ని వెలుతురు వైపు తిప్పాడు. బొటనవేలితో మెట్టె మీద రాసి చూశాడు. కళ్లు చిన్నవయ్యాయి.

"మెట్టె గీత లోతెక్కువైంది. ఇంత లోతు పోతే నీడ నిలబడి వేలు తెగినట్ల కనపడతాది. నేనైతే..." అని ఆగిపోయాడు.

చేతిలోది ఏమిటో అప్పుడు తెలిసింది అతనికి. గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

"నేను ముట్టల్యామ్మే. మీ అమ్మ మీద ఒట్టు. షాపులో టైలు చూపిచ్చేటప్పుడు ఈ కుడిచేతి గోరుతో గీస్తాంటా, అంతే. అంతకు మించి ముట్టల్యా."

"తెల్సు."

"నాకెప్పుడూ ఏమీ అనిపిచ్చల్యా. ఉతికిన చొక్కా ఏసుకుంటే హాయిగా ఉండేది. అంతా మర్సిపోయినాననుకుంటి."

"హాయిగా ఉండేది నీకు!" భానుప్రియ గొంతు ఒక్కసారి లేచింది. పక్కింట్లో అనిత టీవీ సౌండు తగ్గించింది. "నేను కుట్టు మానేస్తి. కొలువు మానేస్తి. పిల్లలకు రెండు అక్షరాలు చెప్పలేకపోతి. మేడంతా నవ్వుతాంటే నాకూ నిజమే అనిపిచ్చె. నువ్వూ నవ్వితివి. మా ఆమెకు నిలకడ ల్యా అని నువ్వూ నవ్వితివి!"

అతను తల వంచుకున్నాడు. ఆమె వంటింట్లోకి పోయింది, మళ్లీ వచ్చింది. ఏడుస్తోందో తిడుతోందో ఆమెకే తెలియడం లేదు. కొసకు సంచిలోంచి నూలుపీలికలు తీసి అతని ఒళ్లో పడేసింది.

"మా అమ్మ మాట విడిచిపెట్టింది. రేపు ఆళ్లగడ్డకు పోతాండాం."

"మా అన్న గడప తొక్కనియ్యడు."

"గడప తొక్కద్దు. షెడ్డు తొక్కు."

మరుసటి రోజు శిరివెళ్ల మీదుగా పోయే బస్సులో ఇద్దరూ ఎక్కారు. ఆళ్లగడ్డ దగ్గరపడే కొద్దీ నృసింహాచారి సీట్లో అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దం తెరిచాడు, మూశాడు, వాచీ చూశాడు, మళ్లీ తెరిచాడు. భానుప్రియ పక్కన కూర్చుని వింతగా చూసింది. ఇంతకాలం తను ఎట్లా కనపడిందో ఇప్పుడు తెలుస్తోంది.

రోడ్డు పక్కన షెడ్ల వరస. చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. రాయి కోసే మిషన్లు కీచుమంటున్నాయి. తలల్లేని దేవుళ్లు, కాళ్లు రాని గుర్రాలు, మూతి వరకే తేలిన నందులు ఎండలో నిలబడి ఉన్నాయి. విరూపాక్షాచారి ఒక అమ్మవారి విగ్రహం ముందు ముక్కాలిపీట మీద ఉన్నాడు. వాళ్లను చూశాడు. సుత్తి ఆపలేదు.

"బాగుండావామ్మా?" అన్నాడు మరదలితో. తమ్ముడి వైపు చూడలేదు.

"బాగుండా బావా."

టక్కు, టక్కు. కాసేపటికి, ఎవరితో అంటున్నాడో తెలియకుండా అన్నాడు. "నాకు చూపు తగ్గింది. ఎడం కన్ను ఒకటి, కుడి కన్ను ఒకటి అయితాంది. రెండుతూర్లు గీత పెట్టి చెరిపినా. ఈ అమ్మవారికి కండ్లు తెరిచేటోడు ఎవడన్నా ఉంటే బాగుండు."

నృసింహాచారి తెల్లచొక్కా విప్పి, మడత పెట్టి భార్య చేతికిచ్చాడు. భానుప్రియ కొళాయి కింద నూలుపీలిక తడిపి, నాలుగు మడతలు వేసి, అతని ముక్కు మీదుగా చెవుల వెనక బిగించి ముడివేసింది. ముడి మళ్లీ ఒకసారి గుంజి చూసింది. అన్న పీట మీంచి దిగి పక్కకు జరిగాడు. తమ్ముడు ఎక్కాడు. చాలాసేపు ఆ ఉత్త ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఎంత చిన్నగా కొట్టాడంటే, కోత మిషన్ల గోలలో ఆ దెబ్బ వినపడనే లేదు. పొడి మాత్రం రాలింది.

భానుప్రియ ఒక నంది నీడలో, రాతి చెక్కుల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. చూద్దామనే అనుకుంది. చుట్టూ కీచుమనే మిషన్లు, సుత్తులు, లారీ హారన్లు. ఆమె తల మెల్లగా నంది పొట్టకు ఆనింది. ఒళ్లోంచి తెల్లచొక్కా జారి దుమ్ములో పడింది. ఆమె చూసుకోలేదు.

పొద్దు వాలుతుండగా విరూపాక్షాచారి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. కోత దగ్గరున్న పనివాళ్లకు చెయ్యెత్తాడు.

"మిషన్లు ఆపండప్పా. మా మరదలు నిద్ర పోతాంది."

"ఆపద్దన్నా," అన్నాడు నృసింహాచారి తడిగుడ్డ వెనక నుంచి, అమ్మవారి కంటి మీంచి చూపు తిప్పకుండా. "ఆపితే లేస్తాది."